బిడ్డ ఎత్తు చక్కెర

నా కూతురికి నేను మొట్టమొదట కొన్న గౌను మూడేళ్ళ పిల్లకు సరిపోయేది. ఆ రోజుకి దానికింకా నెల కూడా నిండలేదు.

మాది కళ్యాణదుర్గంలో పరుపులు కుట్టే ఇల్లు. వీధి వైపు అంగడి, వెనక కాపురం. మధ్యలో తలుపు ఉంది గానీ దూదికి ఆ సంగతి తెలియదు. అన్నంలో, జుట్టులో, నమాజు చాప మీద, అంతటా ఎగురుతూనే ఉంటుంది. నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది. ఆసుపత్రివాళ్ళు కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొండి, వెచ్చగా చూసుకోండి అని పంపారు. వెచ్చదనం గురించి మా అత్తకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బాగా ఏకిన బూరుగు దూదిని మెత్తటి పాత పంచెలో పరిచి, పిచ్చుకగూడులాగా గుంట చేసి, బిడ్డను అందులో పెట్టి, ఆ మూటను తన గుండెకు కట్టుకుంది. అలా కట్టుకునే అంగడిలో కూర్చుని బేరాలు చేసేది. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆ మూటలో మనిషి ఉందని తెలిసేదే కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె బిడ్డను దూది తూచే తక్కెడలో పెట్టి చూసింది. అటువైపు ఒక కిలో రాయి, ఒక అరకిలో రాయి. ముల్లు నడిమిన నిలిచింది. దిండు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె తొంగి చూసి, "నా దిండుకు పట్టే దూదంత కూడా లేదు కదమ్మా" అంది. ఆమె మనసులో చెడు ఏమీ లేదు, కనిపించిందే అంది. కానీ నేను బిడ్డను గబుక్కున తక్కెడలోంచి తీసి మళ్ళీ పంచెలో చుట్టేశాను.

అదే రోజు సాయంత్రం బట్టల మూటాయన వీధిలోకి వచ్చాడు. బాలింతను, గడప దాటకూడదు. గడప లోపల నిలబడే పిలిచి, ఎర్రటి గౌనొకటి, కుచ్చుల మీద కుచ్చులున్నది, కొనేశాను. మా అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుని చాచి చూసింది.

"మే, నీకు కండ్లు కనపడతాండాయా? బిడ్డ యాడ, గౌను యాడ? దీంట్లో నువ్వు, నేను, బిడ్డ ముగ్గురమూ పడతాం."

"పెరుగుతాది కదత్తా."

"పెరిగినప్పుడు కొనచ్చు. ఇప్పుడే కొంటే దుడ్లు కూడా దాంతో పాటు పెరుగుతాయా?"

"చిన్నది కొంటే దేవుడేమనుకుంటాడత్తా? ఈమెకు నా మీద నమ్మకం లేదే అనుకోడా?"

మా అత్త గౌనును దులిపి, మడిచి, దూది అంటకుండా గూట్లో పెట్టింది. ఆమె ఒక వాదాన్ని అలా మధ్యలో వదిలేయడం నా కాపురంలో నేను చూసింది ఆ ఒక్కసారే.

బాలింతకు నమాజు లేదు కాబట్టి, ఆ సాయంత్రం బిడ్డను ఒళ్ళో పెట్టుకునే నేను మొక్కుకున్నాను. మా ఊరి బయట, బస్సులో పోయేంత దూరాన, గుట్ట మీద ఒక దర్గా ఉంది. అన్ని కులాలవాళ్ళూ ఎక్కుతారు. చక్కెరో బెల్లమో తీసుకుపోతే దర్గా చూసుకునే ముజావరు దాని మీద ఫాతెహా దువా చదివి ఇస్తాడు, దాన్ని పదిమందికీ పంచుతాం. చదివింపు అంటాం. పిల్లలు దక్కనివాళ్ళు, పిల్లలకు జబ్బు చేసినవాళ్ళు బిడ్డ ఎత్తు చక్కెర మొక్కుకుంటారు. బిడ్డ ఎంత బరువుంటే అంత చక్కెర. నేనూ అదే మొక్కాను. "నా బిడ్డ బరువెక్కితే చాలు, ఆ ఎత్తు చక్కెర చదివిస్తాను సామీ" అన్నాను. ఎప్పటిలోగా అని గానీ, ఎన్నేళ్ళప్పటి బరువు అని గానీ చెప్పాలని తోచలేదు. మొక్కేవాళ్ళందరూ ఏడాది తిరిగేసరికి తీర్చేస్తారు కాబట్టి ఎవరికీ ఆ అవసరం రాదు.

నేను ఏ బడికీ పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించాడు. సరుకులు కట్టి ఇచ్చిన కాగితాలు విప్పి చదివించేవాడు. చదువు అయ్యాక, "ఇది నేర్పించినోనికి షుక్రియా చెప్పు" అనేవాడు. నీకేనా నాయనా అంటే, "నాకెవరు నేర్పించినారో ఆయనకు" అనేవాడు. షుక్రియా చెప్పడం నాకు అలా అలవాటైంది. అక్షరాలతో పాటే వచ్చింది, అక్షరాల్లాగే వదలలేదు.

ఏడాది తిరిగింది. దర్గాలో ఏటా జరిగే ఉరుసు వచ్చింది. బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతోంది. అత్త చక్కెర సంగతి ఎత్తింది. నేను బిడ్డ వైపు చూశాను. చేతులు ఇంకా సన్నంగానే ఉన్నాయి. ఇంత కొంచెం చక్కెర తీసుకుపోయి అంత పెద్ద మేలుకు బదులని పెడితే ఏం బాగుంటుంది అనిపించింది. "వచ్చే ఏడు చేద్దామత్తా, ఇంకొంచెం ఒళ్ళు చేయనీ" అన్నాను. మరుసటి ఏడూ అదే మాట. ఆ మరుసటి ఏడూ అదే. బట్టలైనా, షుక్రియా అయినా చిన్న సైజు కొనడం నాకు చేతకాదు.

గౌన్లు మాత్రం ఆగలేదు. ఎప్పుడూ రెండు సైజులు పెద్దవే. మా ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వేవాడు. "మన పాప గౌనేసుకుని నడుస్తాంటే గౌనొకటే పోతాండాది అనుకుంటారప్పా జనం" అనేవాడు. పోనీ, గౌను ముందు పోతే పాప వెనక వస్తుంది అనేదాన్ని. చేతిలో దుడ్లు ఆడిన ప్రతిసారీ ఒక గౌను. పెళ్ళిళ్ళ కాలంలో పరుపులు ఎక్కువ కుట్టిన ఏడాది ఒకేసారి మూడు కొన్నాను. అత్త వాటిని ఒక ట్రంకు పెట్టెలో పెట్టి, మూత మీద కూర్చుని మరీ గడియ వేసింది. "నీ కోడలు అంగడి పెడతాండాదా?" అని పక్కింటామె అడిగితే, "అంగడి అయితే అమ్ముతారు కదమ్మా" అందట.

ఆ గౌన్లలో చాలావాటికి ట్రంకు దాటి బయటికొచ్చే భాగ్యం కలగలేదు. నా కూతురు నేను అనుకున్నట్టు ఏడాదికొక సైజు పెరగలేదు. ఉన్నట్టుండి పెరిగింది. ఒక ఎండాకాలం సెలవుల్లో మూడు సైజులు దాటేసింది. ఆ తర్వాత, పదేళ్ళ వయసుకే, గౌన్లు వద్దనేసింది. చుట్టిన పరుపును భుజాన వేసుకుని ఆటో దాకా మోయడం దానికి ఆట. కుచ్చులు కాళ్ళకు తగులుతాయి, ప్యాంటే కావాలంది. పెద్ద పత్తి పరుపును ఇద్దరు మగవాళ్ళు అటొకరు ఇటొకరు పట్టుకుంటారు. ఇది ఒక్కతే నడిమిన చెయ్యి వేసి లేపేది. ఒకసారి బడిలో పిల్లలు ఎగిరి దూకే చోట పరుపులు వేయడానికి పోయినప్పుడు వాళ్ళ ఆటల సారు చూశాడు. "ఏం తినిపిస్తాండావమ్మా నీ కూతురికి?" అని నన్నడిగాడు. ఆ ప్రశ్న నేను ఇప్పటికీ దాచుకున్నాను. దిండంత లేదన్న నా బిడ్డ గురించి అడిగిన ప్రశ్న అది. సంగటి, పప్పు, గుడ్లు సారూ అని చెప్పి, ఇంటికొచ్చి, ఆ రోజు రెండు గుడ్లు ఎక్కువ ఉడకబెట్టాను.

అలా అది బరువులెత్తే ఆటలోకి వచ్చింది. ఇనుప కడ్డీకి రెండు పక్కలా చక్రాలు తగిలించి తలపైకి ఎత్తుతారు. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. రెండోసారి తెరిచే ఉంచాను. మూడోసారి పక్కనున్నవాళ్ళ కళ్ళలోకి చూశాను, చూశారా లేదా అని.

ఈ ఏడాది దానికి పదిహేడు. ఆటల హాస్టలులో సీటు వచ్చింది. చాలా దూరం. ఉరుసు అయిన వారానికే చేరాలి. ఆ కబురు విన్న సంతోషంలో నేను రెండు రకాతుల నమాజు చదివి లేచేసరికి మా అత్త చాప పక్కనే నిలబడి ఉంది.

"మొక్కు సంగతేంది? ఇది పోతే మళ్ళీ ఉరుసుకు వస్తాదో రాదో. ఈ తూరి చదివించాల్సిందే."

నిజమే. కానీ ఈ ఏడాది వానల్లేవు. చేన్లలో శనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే ఎండిపోయింది. శనక్కాయ రాని ఏడు మా వైపు పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి, పెళ్ళి వాయిదా పడితే పరుపు వాయిదా పడుతుంది. పైగా హాస్టలుకు పోయేటప్పుడు బరువులెత్తే బూట్లు కొనుక్కోవాలట. మడమ కింద గట్టి చెక్కలాంటిది ఉంటుందట, మామూలు బూట్లతో ఎత్తితే మోకాళ్ళు పోతాయట. ఇంట్లో ఉన్నది చక్కెరకు సరిపోతుంది, లేకుంటే బూట్లకు. రెండింటికీ కాదు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన మెల్లగా అన్నాడు. "దూది తక్కెడలో తూచినప్పటి బరువుకు చదివిద్దాం. తప్పేముండాది? మొక్కింది అప్పుడే కదా."

"ఒకటిన్నర కిలోనా?" నా కూతురు చెయ్యి తట్టలోనే ఆగిపోయింది. "నాయనా, నేను ఒకటిన్నర కిలోనా?"

"నువ్వు కాదమ్మా, అప్పటి నువ్వు."

"అప్పటి నేను యాడుండాను? ఈడ కూర్చోనుండేది నేనే కదా. కావాలంటే బూట్లు ఇంకో ఏడు కొందాం."

"బూట్లు ఇంకో ఏడు కొంటే మోకాళ్ళు ఇంకో ఏడు వస్తాయా?" అని అత్త గసిరింది. "అమ్మ దుబారాకు నువ్వు వత్తాసు పలకొద్దు. సామి దగ్గర తూకాలు, బేరాలు ఉండవు. పిడికెడు పెట్టినా తీసుకుంటాడు."

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి గుట్టెక్కి ముజావరును అడిగాను. తెల్లగడ్డం పెద్దాయన. చీపురు పక్కన పెట్టి విన్నాడు.

"నీ నోట ఏమొచ్చింది తల్లీ, ఆ పొద్దు?"

"బిడ్డ బరువెక్కితే ఆ ఎత్తు చక్కెర అన్నాను సామీ."

"ఎక్కినాదా?"

"ఎక్కినాది. ఇంకా ఎక్కుతాండాది."

ఆయన పగలబడి నవ్వాడు. "అట్లయితే ఇంక ఆలస్యం చేయొద్దమ్మా. మీ అత్త చెప్పిందీ నిజమే, పిడికెడైనా చెల్లుతాది. నీకు చెల్లుతాదా లేదా అనేది నువ్వే చూసుకో."

నాకు చెల్లదు. అది గుట్ట దిగుతుండగానే తెలిసిపోయింది. నా బిడ్డ బరువును తక్కువ చేసి చూపించడం నాకు చేతకాదు. అంత కష్టపడి ఒక్కొక్క గ్రాము పోగుచేసుకున్న పిల్లను, ఇదిగో సామీ, ఇంతే అని ఎలా చూపించేది? అలాగని బూట్లు ఆపడానికి కూడా మనసు రాలేదు. ఆ రెండు కాళ్ళ కోసమే కదా మొక్కింది.

ఇంటికి రాగానే ట్రంకు పెట్టె మీదున్న దూది బస్తాను తోసి, గడియ తీశాను.

వేపాకు వాసన. అత్త ఏడాదికోసారి ఎండిన వేపాకు వేసి, మడతలు మార్చి పెడుతూ ఉన్నట్టుంది, ఎప్పుడూ చెప్పలేదు. చీటీలు కూడా ఊడని గౌన్లు. పసుపు, నీలం, చిలకపచ్చ. ఉరుసు ముందు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ పిల్లలకు కొత్త బట్టలు కావాలి. ఈ కరువులో కొత్త బట్టల అంగడికి పోవడానికి అందరూ వెనకాడుతున్నారు. నేను ఇంటి అరుగు మీద దుప్పటి పరిచి, గౌన్లు పేర్చాను.

"ఏందక్కా, చివరికి అంగడి పెట్టేసినావా?" అని పక్కింటామె వచ్చింది.

"పెట్టేసినా. రా, బోణీ చెయ్యి."

"ఇవి పాత మోడలు కదక్కా."

"పాతదైతే ఏమప్పా, కుట్టు చూడు. ఇప్పుడొచ్చేవి ఒక ఉతుక్కే కుచ్చులన్నీ యాడికక్కడ వేలాడతాండాయి."

"మా పాపకు పెద్దగా అయితాదేమో."

"పెద్దదే కొను" అన్నాను. "నా కూతుర్ని చూసినావు కదా. పెద్దవి కొన్నందుకే అంతైంది."

ఆమె కుచ్చులు తిప్పి తిప్పి చూసింది. రెండు తీసుకుంది. సాయంత్రానికి వీధి వీధంతా అరుగు దగ్గరే ఉంది. మా అత్త మొదట లోపలి నుంచే చూసింది, తర్వాత గడప దగ్గరికి వచ్చింది, తర్వాత నా పక్కన కూర్చుని బేరం మొత్తం తన చేతిలోకి తీసుకుంది. నేను అడిగిన ధరల కన్నా ఆమె చెప్పిన ధరలే ఎక్కువ. "మా కోడలు చూసి చూసి కొన్నవమ్మా ఇవి, ఊరికే వచ్చినాయా" అంటోంది. నేను తల వంచుకుని మడతలు సరిచేస్తూ కూర్చున్నాను, నవ్వు కనపడకుండా. ఎర్ర గౌను ఒక్కటి మాత్రం అమ్మలేదు. దుప్పటి మీద పెట్టనే లేదు.

బూట్లు వచ్చాయి. చక్కెరా వచ్చింది. కిందటి నెల ఆటల సారు తూచి చెప్పిన బరువు అరవై మూడు కిలోలు. ఒక పెద్ద బస్తా, ఒక చిన్న సంచి, సరిగ్గా అంతే కొన్నాం.

ఉరుసు రోజు గుట్ట కింద, మెట్ల మొదట్లో, దూలానికి పెద్ద తక్కెడ కట్టి ఉంటుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. తక్కెడలో కూర్చున్న బిడ్డను, ముల్లు సరిగా నిలవకముందు దించకూడదు. మా ముందు చంటిబిడ్డలు, నడక రాని బిడ్డలు. ఒక్కొక్కరు ఏడుస్తూ కూర్చుని, నవ్వుతూ దిగుతున్నారు. మా వంతు వచ్చినప్పుడు తూచే ఆయన అటూ ఇటూ చూశాడు.

"బిడ్డ యాడమ్మా?"

"ఇదే" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నా కూతురు సిగ్గు పడకుండా తట్టలో మఠం వేసుకుని కూర్చుంది. అటు బస్తా పెట్టారు, సంచి పెట్టారు. తట్ట లేవలేదు. నా కూతురు నేల మీదే ఉంది. తూచే ఆయన తాళ్ళు సరిచూశాడు. ఏం తేడా లేదు. సీటు వచ్చిన కబురు తెలిసినప్పటి నుంచి, ఇక నా చేతి అన్నం ఎన్నాళ్ళు తింటుందో అని పూటకు రెండు ముద్దలు ఎక్కువ పెడుతూ వచ్చాను. ఆ ముద్దలన్నీ తట్టలో కూర్చుని ఉన్నాయి.

"ఊపిరి బిగబట్టు పాపా" అని ఎవరో అన్నారు. "చెప్పులు తీసేయమను" అని ఇంకొకరు. మా ఆయన నా వైపు చూశాడు. "ఏం తినిపించినావే దీనికి?" అన్నాడు. కోపంగా అనాలనుకున్నాడు గానీ గొంతులో కోపం లేదు. నాకైతే ఆ తట్ట లేవకపోవడం ఎంత బాగుందో చెప్పలేను. కాసేపు అలాగే ఉండనీ, అందరూ చూడనీ అనిపించింది. కానీ నా చేతిలో ఇక ఇంటికి పోయే బస్సుకు సరిపడా తప్ప ఏమీ లేదు, బిడ్డను దించకూడదు, వెనక ఇంకా ఎందరో బిడ్డల్ని ఎత్తుకుని ఎండలో నిలబడి ఉన్నారు.

అప్పుడు మా అత్త చీర కొంగు ముడి పళ్ళతో విప్పింది. పక్కన చక్కెర అంగడాయనతో, "మూడు కిలోలు పెట్టు" అంది.

"అత్తా, మొక్కు నాది" అన్నాను.

"నీదేలే. ఆ ఒకటిన్నర కిలో బిడ్డ ఎవరి గుండె మీద వెచ్చబడినాది? ఆ దూది ఎవరు ఏకినారు? ఈ మూడు కిలోలు నావి. అడ్డం మాట్లాడద్దు."

నేను పక్కకు జరిగాను. మూడు పొట్లాలు ఒక్కొక్కటే తానే పెట్టింది. మూడోది పెట్టగానే నా కూతురు నేల విడిచింది. ముల్లు నడిమిన నిలిచింది, ఆ రోజు దూది తక్కెడలో నిలిచినట్టే. తక్కెడలో ఊగుతున్న ఆ పెద్దపిల్లను చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు, నవ్వు ఒకేసారి వచ్చాయి. షుక్రియా అన్నాను. ఎవరికని అడగాల్సిన పని లేదు.

ఇక చక్కెర పైకి చేరాలి. మోతకు మగవాళ్ళు ముందుకొచ్చారు. నా కూతురు తట్టలోంచి దిగి, ప్యాంటు దులుపుకుని, "ఉండండన్నా" అంది. చిన్న సంచీ, పొట్లాలూ పెద్ద బస్తా మూతిలో దూర్చి, తాడుతో బిగించింది. చెప్పులు విడిచి, చేతి సంచిలోంచి కొత్త బూట్లు తీసి వేసుకుంది. అవి తెచ్చుకుందని నాకు చెప్పలేదు. మోకాళ్ళు వంచి కూర్చుని, నడిమిన చెయ్యి వేసి, పరుపును లేపినట్టే లేపి భుజానికెత్తుకుంది.

"నా బరువు నేనే మోస్తా జేజీ, పదండి" అంది మా అత్తతో.

మెట్ల మీద జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "నీ కూతురామ్మా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె మళ్ళీ అడగకపోయినా, మళ్ళీ అవునన్నాను. పైన ముజావరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. బస్తా దించిన పిల్లను, వెనక ఆయాసపడుతూ వచ్చిన మమ్మల్ని చూసి, "బిడ్డ బరువెక్కినాదమ్మా, చూసినాను" అని ఫాతెహా మొదలుపెట్టాడు.

చక్కెర అంతా పంచేసరికి పొద్దు వాలింది. అందరి గుప్పిళ్ళూ నిండాయి, ఇంటికి మాకు మిగిలింది ఒక పొట్లం. దిగేటప్పుడు ఉరుసు అంగళ్ళలో ఒక చోట ఆటల బట్టలు వేలాడుతున్నాయి. నీలం రంగుది, భుజాల మీద తెల్ల గీతలున్నది ఒకటి బాగుంది. మా ఆయన నా చూపు పసిగట్టి, "వద్దే, బస్సుకు ఉండనీ" అన్నాడు. అత్త ఆయన్ను పక్కకు నెట్టి, దాన్ని రెండు చేతులా చాచి, మనవరాలి భుజాలకు ఆనించి చూసింది.

"ఇది సరిగ్గా పట్టినాది" అని అంగడాయనకు తిరిగి ఇచ్చేసి, "దీనికన్నా పెద్దది తియ్యప్పా" అంది.

ఆ రోజు మేము ఇంటికి నడిచే వచ్చాం.